పురుగు ముట్టింది

జూన్ 9, సోమవారం. చింతామణి

ఇంగ్లండ్‌లో నాతో పనిచేసే జూనియర్ డాక్టర్లంతా గ్లోబల్ హెల్త్ ట్రైనింగ్‌కని ఆఫ్రికా వెళ్ళారు. నేను మాత్రం కర్ణాటకలోనైనా సరే, తెలుగు మాట్లాడే ఈ ఊరే కావాలని పట్టుబట్టాను. విశాఖలో పుట్టి పెరిగినదాన్ని, నాకు ఇంటర్‌ప్రెటర్ ఎందుకు? ఇక్కడి ఆస్పత్రి నర్సు, సిస్టర్ రంజిత, పక్కన ఉంటానంటే అక్కర్లేదన్నాను. మొహం మాడ్చుకుంది. పోనీ.

జూన్ 11

యాడ నొస్తాండాది అని ఇక్కడి యాసలో నేనే అడుగుతున్నాను. ముసలమ్మలు పకపకా నవ్వుతున్నారు. హాయిగా ఉంది.

జూన్ 17, ఉదయం

బట్లహళ్ళి నుంచి తిమ్మక్క అనే ఆవిడ వచ్చింది, భర్త మునికృష్ణప్పతో. తెల్లవారుజామున నేలమీద పడుకుని ఉంటే పురుగు ముట్టిందట. ఇప్పుడు కడుపునొప్పి. ఒళ్ళంతా వెతికాను. వాపు లేదు, దద్దురు లేదు. ఇన్‌సెక్ట్ బైట్ అని రాసి, అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చి, బెంచీ మీద కూర్చోమన్నాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంతోటిదానికి అంత భయమేమిటో!

అదే రోజు, సాయంత్రం



మధ్యాహ్నం చూస్తే తిమ్మక్క రెప్పలు వాలిపోతున్నాయి. నిద్రొస్తోందా అంటే మాట ముద్దముద్దగా వచ్చింది. ఏం పురుగు, తేలా, జెర్రా అని మునికృష్ణప్పను నిలదీశాను. ఆయన గొంతు తగ్గించాడు.

“పురుగేనమ్మా. దాని పేరు ఎత్తగూడదు. ఎత్తితే మళ్ళా ఇంట్లోకి వస్తాది.”

పాము! ఓరి దేవుడా, పాము. కట్లపాము కరిస్తే వాపుండదు, ఒక్కోసారి గాటు కూడా కనపడదు. పరీక్షలో రాశాను కూడా.

విషానికి విరుగుడు, యాంటీవీనమ్, ఎక్కిస్తుండగానే ఆవిడకు ఊపిరి అందలేదు. గొంతులోకి ట్యూబ్ వేశాను. ఈ చిన్న ఆస్పత్రిలో వెంటిలేటర్ లేదు. చిక్కబళ్ళాపుర పెద్దాస్పత్రి దాకా అంబులెన్సులో నేనూ రంజితా వంతులేసుకుని చేత్తో ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్ నొక్కుతూనే ఉన్నాం.  

జూన్ 18

తిమ్మక్క వెంటిలేటర్ మీద అలాగే ఉంది. కనురెప్ప కూడా కదలడం లేదు. ఐసీయూ డాక్టర్ గిరీశ్‌కు ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన తిట్టలేదు. పేషెంట్ కదలకపోయినా అన్నీ వినపడతాయి, దగ్గర కూర్చుని మాట్లాడమన్నారు. ఏం మాట్లాడను?

మునికృష్ణప్పకు నా పొరపాటు సంగతి ఏమీ తెలియదు. నాకు టీ తెచ్చిచ్చాడు. 

జూన్ 19

బతుకు తల్లీ. దండం పెడతాను, బతుకు.

జూన్ 21

వేలు కదిలింది. మెట్ల మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

జూన్ 23

ట్యూబ్ తీశారు. తిమ్మక్క గొంతు బొంగురుపోయింది. పక్కన మునికృష్ణప్ప నాకు చేతులు జోడిస్తున్నాడు. వద్దన్నాను. జరిగింది చెప్పబోయాను. అంతలో తిమ్మక్కే నా చెయ్యి పట్టుకుని అంది.

“చెప్తిని గదమ్మా.”

అవును. చెప్పింది.