చెనిక్కాయ లేని సూపర్‌కండక్టర్

జూన్ 10, సోమవారం
తీర్మానం! నేటి నుంచి నా నోట వేరుశనగ, అంటే మా చెనిక్కాయ, మాట రాదు. పోయినసారి సెమినార్‌లో సూపర్‌కండక్టర్‌ను మా చేనుతో పోల్చాను. హాలంతా నవ్వు. ఫెయిల్! 20న రెండో అవకాశం, అదే ఆఖరు. తప్పితే నా పీహెచ్‌డీ రద్దు.

గైడ్ పుష్పావతి మేడమ్ హెచ్చరిక: "ఈసారి చెనిక్కాయ పేరెత్తినావంటే నేనే లేపి బయటికి పంపిస్తా జోయల్!"

ఆ అవసరం రాదు మేడమ్. సమీకరణాలే!

జూన్ 12, కళ్యాణదుర్గం, ఇల్లు
భేష్! పలుచటి పొరలో ఎలక్ట్రాన్లు జతకట్టి, నష్టం లేకుండా పారడం, ఆ పొర రెండు కొసల్లో సగం సగంగా ఉండే వింత కణం, వీటి మీద పేజీల కొద్దీ లెక్కలు చేశాను. "అంటే ఏమి రా?" అంది అమ్మ. చేను నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"లెక్క మా."

అమ్మ జాలిపడి ఇంకో ముద్ద పెట్టింది.

జూన్ 14
వాన! నేల పదును ఆరకముందే విత్తాలి. చదువుకు ఒక్కరోజే సెలవు. విత్తే గొర్రు వెనక నడుస్తూ కందులు పోయడం నా పని. కొన్ని వేరుశనగ సాళ్ళకు ఒక కంది సాలు. చేనును సగం చుట్టు తిప్పితే అదే చేను. పావు చుట్టు తిప్పితే కాదు. మా పొరలో సౌష్ఠవం విరిగేది అచ్చం ఇలాగే! (ఇది పోలిక కాదు, ఆలోచన. ఆలోచించొద్దని మేడమ్ అనలేదు.)

సాయంత్రం
ఘోరం! ఆ ధ్యాసలో కందులు పక్క సాలులో పోశాను, గట్టు నుంచి గట్టు దాకా.

నాయన అరుపులు: "యాడ చూస్తాండావు రా? కంది సాలు తప్పినావు కదప్పా! ఇంగ నడిమిట్ల దిద్దితే పోతాదా ఇది?"

పోదు! మా వింత కణమూ అంతే! ఎగిరి గంతేశాను. నాయన గొర్రు వదిలి నా నుదురు పట్టి చూశాడు.

జూన్ 20
సమీకరణాలు బాగానే నడిచాయి. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు అడిగాడు: "ఈ వింత కణం సగం ఈ కొసన, సగం ఆ కొసన ఉంటే, మధ్యలో గెలికితే ఎందుకు చెదరదు?"

నోరు తెరిచాను. మేడమ్ కళ్ళు పెద్దవయ్యాయి.

"సార్, మా చెనిక్కాయ చేన్లో కంది సాలు తప్పింది, గట్టు నుంచి గట్టు దాకా. నడిమిట్ల ఎంత దిద్దినా పోదు..."

తీర్మానం గోవిందా!

ఎవరూ నవ్వలేదు. ఆయన బోర్డు మీద నాచేత చేనంతా గీయించాడు. పాస్! మేడమ్ బయటికి వచ్చి మెల్లగా అన్నారు: "థీసిస్‌లో మాత్రం వద్దు."

జూన్ 23
నాయన ఫోన్: "నీ తప్పు సాలు మొలిసినాది రా. పీకేయమని అందరూ అంటాండారు. నేను పీకల. నీ చదువుకు పనికొస్తాది కదా, వచ్చి చూసుకో."

ఏడ్చేశాను.

తీర్మానం: రేపటి నుంచి, థీసిస్‌లో వేరుశనగ ఉండదు. ఇప్పుడు మాత్రం కళ్యాణదుర్గం బస్సు ఎక్కుతున్నాను. ఆ సాలు ఫొటో తీయాలి, థీసిస్ మొదటి పేజీకి.