వల ముడి

అక్కా, నా ఒళ్ళు బాగానే ఉంది, బెంగపడకు.

వలలు అల్లే షెడ్డులో పనికి కుదిరాను. ఎడమ చేత్తో పుల్ల, కుడి చేత్తో దారపు కండె పట్టుకొని రెండు చేతులూ ఒకేసారి తిప్పితేనే ముడి పడుతుంది. నాకు ఇరవై రోజులు పట్టింది. పక్కన కూర్చునే పొట్టిపిల్లకు నాలుగు రోజుల్లోనే వచ్చేసింది. కబుర్లు చెబుతూ, చేతులకేసి చూడకుండా అల్లేస్తుంది. "నీవి చేతులా, రోకళ్ళా? దాన్ని చూసి నేర్చుకో" అన్నాడు మేస్త్రి. ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటాడట. కడుపు మండిపోయింది.

"ఏమే, ముడి బిగించేటప్పుడు ముందు ఏ వేలు కదుపుతావు?" అని అడిగాను. "ఏమో వదినా, ఎప్పుడూ చూసుకోలేదే" అంటూ చూసుకుంది. అప్పటినుంచి చూసుకుంటూనే ఉంది, ముళ్ళు జారిపోతూనే ఉన్నాయి. అలా అవుతుందని నాకు తెలుసు. వేళ్ళకేసి చూసినన్నాళ్ళూ నాకూ ముడి పడలేదు.

మర్నాడు కళ్ళనీళ్ళతో, "కాస్త చూపించవా వదినా" అంది. చూడకుండా అల్లమంటే సరిపోయేది. ఒక్కో వేలూ నిదానంగా చూపించాను.

నిన్న మేస్త్రి నన్ను ఉండమన్నాడు. "నువ్వైనా ఓపిగ్గా నేర్పావు వదినా" అని నా చేతులు పట్టుకొని మరీ వెళ్ళింది ఆ పిల్ల.

నా దుప్పటి, రెండు పాత చీరలు పంపించు. గేదె ఈనిందా? చిన్నదాని దగ్గు తగ్గిందా? నాకు పని దొరికిందన్న ముక్క మాత్రమే బావకు చదివి వినిపించు. పిల్లలకు దీవెనలు.

నీ చెల్లెలు