పక్కన లేని మనిషితో వాదన

చిరంజీవి గుండుకి,

అక్క దీవెనలు. నేనూ మీ బావా తిరుగుతూ, తింటూ, పోట్లాడుకుంటూ రోజులు బాగానే గడుపుతున్నాం. నువ్వూ మరదలూ పిల్లా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరంలో చూసి మనసు కుదుటపడింది. యాభైకి దగ్గరపడుతున్న బస్సు డ్రైవర్ని ఇంకా గుండూ అని పిలుస్తానని మరదలు నవ్వుతోందట. నవ్వనీ. నీకు జుట్టు వచ్చిందీ నా కళ్ళముందే, పోయిందీ నా కళ్ళముందే. పేరు మార్చాల్సిన అవసరం నాకెక్కడా కనబడలేదు.

ఈ వయసులో సైకిళ్ళ మీద ఊళ్ళు పట్టుకు తిరగడం ఏమిటని మీ డిపోలో ఎవరో అన్నారని రాశావు. ఆ పెద్దమనిషికి నా జవాబు చదివి వినిపించు. ఇరవై ఎనిమిదేళ్ళు మీ బావ సర్వేయరుగా ఎండలో నిలబడి ఎవరెవరి పొలాలో కొలిచాడు. అన్నేళ్ళూ నేను వారం వారం పత్రికలో ఎవరో ఒకరితో పోట్లాడాను. ఇద్దరం కలిసి ఒక్క పొద్దున్నయినా పని లేకుండా చెట్టు కింద కూర్చోలేదు. మోకాళ్ళు అరిగేదాకా మనిషి చేత చాకిరీ చేయించుకుని, అరిగాక “ఇప్పుడెందుకమ్మా ఈ తిరుగుళ్ళు” అనే లోకం ఇది. మరి ఎప్పుడు తిరగాలట? అసలు విశ్రాంతి అనేది ఉన్నవాళ్ళ సొత్తని ఎవరు రాసిచ్చారు? మాకు తొందర లేదు. పొద్దున బయల్దేరతాం, ఎండెక్కితే ఆగుతాం, నచ్చిన ఊళ్ళో రెండు రోజులు ఎక్కువ ఉంటాం.

తిండి ఎలా ఉందని కదూ అడిగావు? నది ఒడ్డున ఒక రొట్టెల భట్టీ ఉంది. దాన్ని నడిపేది ఒకావిడ, చేతులు మోచేతుల దాకా పిండి. భట్టీలోంచి తీసిన రొట్టె పట్టుకోలేనంత వేడిగా ఉంటుంది, విరిస్తే లోపల దూదిలా ఉంటుంది. మూడు రోజులు వరసగా వెళ్ళాం. మూడోరోజు ఆవిడ నన్ను చూసి, “మీ ఇద్దరిలో రుచి తెలిసిన మనిషి ఆయనే” అంది.

“ఎలా చెప్పావ్?”

“మీరు మాట్లాడుతూ తిన్నారు. ఆయన ఇంకోటి అడిగాడు.”

మీ బావ అప్పటికే మూడో రొట్టె నములుతున్నాడు. కాబట్టి ఔననడానికి కూడా నోరు ఖాళీ లేదు.

అక్కడి నుంచి పెద్ద సరస్సుకి వెళ్ళాం. గుండూ, ఆ నీళ్ళు పొద్దున పూట చూడాలి. గాలి లేనప్పుడు ఎదురుగట్టు కొండ మొత్తం తలకిందులుగా నీళ్ళలో ఉంటుంది. కొంగ ఒకటి వచ్చి వాలితే కొండ వణుకుతుంది. అంతటి చోట, ఒడ్డు పొడుగునా ఒక హోటలు వాళ్ళు కంచె వేసుకున్నారు. గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు.

“గదులు తీసుకున్నవాళ్ళకే అమ్మా లోపలికి.”

“ఈ నీళ్ళు కూడా గది తీసుకున్నాయా?”

“నాకేం తెలుసమ్మా, నన్ను నిలబడమన్నారు, నిలబడ్డాను.”

అరగంట అరిచాను. వలలు బాగుచేసే ఆడవాళ్ళు ఆ కంచె చుట్టూ రెండు మైళ్ళు తిరిగి నీళ్ళ దగ్గరికి వెళ్తున్నారంటే అరవకుండా ఎలా ఉంటాను? ఈలోగా మీ బావ ఊళ్ళోని భూముల ఆఫీసుకి వెళ్ళి పాత పటం తీయించి చూశాడు. ఒడ్డు వెంట ఆరడుగుల దారి ఊరందరిదీ అని అందులో గీత గీసి ఉంది. టేపు తీసి కొలిచి, చక్కగా బొమ్మ గీసి, ఆ ఆడవాళ్ళ చేతికిచ్చాడు. వాళ్ళు దాన్ని పట్టుకుని ఆఫీసు మెట్లెక్కారు. మాకు మధ్యాహ్నం వేయించిన చేపలు పెట్టారు. వల ముడి ఎలా వేస్తారో నాకు చూపించారు. పదిసార్లు వేశాను, పదిసార్లూ ఊడింది. “మాటలు తగ్గిస్తే ముడి నిలుస్తుంది” అంది వాళ్ళలో పెద్దావిడ. అందరూ నా మీదే పడ్డారు.

ఇక నేను పంపిన ఫొటో సంగతి. రెండు సైకిళ్ళతో బయల్దేరినవాళ్ళం, ఇద్దరెక్కే ఒకే సైకిలు మీద ఉన్నామేమిటని అడిగావు. “అక్క వెనక సీట్లోనా! ప్రపంచం తిరగబడిందా?” అని ఎగతాళి కూడా చేశావు. మగవాడి వీపు చూస్తూ ప్రయాణం చేయడం ఆడదాని ఖర్మ కాదని ఎన్ని వ్యాసాలు రాశానో నాకు గుర్తుంది, నీకూ గుర్తుంది. నీ ఉత్తరం నిన్న అందింది. అప్పటి నుంచీ ఈ ఒక్క జవాబు తప్పించుకోవడానికే ఇంతసేపూ రొట్టెల గురించీ చేపల గురించీ రాశాను. ఇప్పుడు చెబుతాను.

సరస్సు నుంచి బయల్దేరిన రోజు గట్టు రోడ్డు మీద పక్కపక్కనే తొక్కుతున్నాం. మీ బావ నా ఎడమవైపు. కాపలా మనిషి గురించి వాదన. “వాడి మీద అరిచి ఏం లాభం, వాడు జీతగాడు” అన్నాడు. జీతానికి పనిచేసేవాడికి ఆలోచన ఉండకూడదా అని నేను మొదలుపెట్టాను. మధ్యలో “ఆగు, ఆగు” అన్నాడు. నేను మాట్లాడుతుంటే ఆయన ఆగమనడం కొత్త కాదు కాబట్టి ఆగలేదు. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆయన మౌనాన్ని నా గెలుపు కింద జమ వేసుకోవడం నాకు అలవాటు. గెలుస్తున్నాననే ఉత్సాహంలో ఇంకో కిలోమీటరు వాదించాను. చిన్న వంతెన దగ్గర, “అయితే ఒప్పుకున్నట్టేనా?” అని మెడ తిప్పి చూస్తే పక్కన మనిషి లేడు. కిలోమీటరు పొడుగునా ఒంటరిగా వాదించుకుంటూ వచ్చాను!

వెనక్కి వెళ్ళాను. గట్టు కింద కాలువలో సైకిలు, దాని పక్కన మీ బావ. మోచెయ్యి చీరుకుపోయింది, చీలమండ వాచింది. అరచేతిలో ముళ్ళు తీసుకుంటున్నాడు.

“ఎలా పడ్డావ్?”

“నువ్వే నా మీదికి జరుగుతూ వచ్చావు, తప్పుకోబోయి పడ్డాను.”

“నేనా! నువ్వు అక్కడున్నావని నాకు...”

“ఎడమవైపు కనబడట్లేదు కదూ నీకు?”

చెట్ల నీడలన్నాను, ఎండ కళ్ళలో పడిందన్నాను. ఆయన ముళ్ళు తీసుకోవడం ఆపి నా మొహం చూశాడు. “ఎన్నాళ్ళ నుంచి?” అన్నాడు. అప్పుడు కాలువ గట్టు మీద కూర్చుని ఏడుస్తూ చెప్పాను.

గుండూ, ఎనిమిది నెలల కిందట కళ్ళజోడు మార్చుకోవడానికి వెళ్తే కళ్ళ డాక్టరు ఇంకో పరీక్ష కూడా చేసింది. చీకటి పెట్టెలో తల పెట్టి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కాలి. నేను చాలాసేపు నొక్కకుండా కూర్చున్నాను. చుక్కలు రావడం లేదనుకున్నాను. వస్తూనే ఉన్నాయట. నీటికాసులు, అంటే గ్లకోమా అంది ఆవిడ. నొప్పి ఉండదు, ముందు పక్క చూపు పోతుంది, పోయిన చూపు తిరిగిరాదు, మిగిలినదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవచ్చు అని చెప్పింది. తోడబుట్టినవాళ్ళు ఉన్నారా అని అడిగింది. తమ్ముడున్నాడు, సిటీ బస్సు నడుపుతాడు అన్నాను. ఆవిడ కలం కింద పెట్టేసింది. “అయితే ఈ వారమే పరీక్ష చేయించండి. తోడబుట్టినవాళ్ళకూ వచ్చే అవకాశం ఎక్కువ” అంది.

నేనేం చేశానో తెలుసా? ఇంటికొచ్చి ఆ చీటీ సొరుగులో పడేశాను. మందు వేసుకోలేదు. మీ బావకి చెప్పలేదు. నీకు చెప్పలేదు. ఆ వారమే ‘భయం అమ్మే కొట్లు’ అని వ్యాసం రాశాను. పరీక్షల పేరుతో జబ్బులు కనిపెడతారనీ, పాత ఉద్యోగుల్ని ఇంటికి పంపడానికి యాజమాన్యాలకి అదో సాకనీ రాశాను. అలాంటివి జరగవని ఇప్పటికీ అనను. జరుగుతాయి, పోట్లాడాల్సిందే. కానీ ఆ వ్యాసం రాసినప్పుడు నా కోపం వాళ్ళ మీద కాదురా. నాకు కళ్ళు పోతాయేమోనని భయం. ఆ భయానికి పెద్ద పెద్ద మాటలు తొడిగి అచ్చుకి పంపాను.

నిన్న నీ ఉత్తరంలో చదివాను. మీ డిపోలో డ్రైవర్లకి కళ్ళ పరీక్షల శిబిరం పెట్టారనీ, నా వ్యాసం కత్తిరించి నోటీసు బోర్డుకి అంటించారనీ, అది చదివి పదకొండు మంది వెళ్ళలేదనీ, అందులో నువ్వు మొదటివాడివనీ. “అదరగొట్టావక్కా” అని రాశావు. ఉత్తరాన్ని మీ బావ ముందు పెట్టాను. తనే తీసుకుని చదివాడు.

“నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?”

“నేనే రాస్తా. నువ్వు రాస్తే నన్ను వెనకేసుకొస్తావు.”

కాలువ దగ్గర పడ్డ రోజు నుంచి మందు వేసుకుంటున్నాను. పూటపూటా మీ బావ గుర్తుచేస్తాడు, నేను విసుక్కుంటాను, వేస్తాడు. రెండు సైకిళ్ళూ సైకిళ్ళ మరమ్మతు మేస్త్రీకి ఇచ్చేసి ఈ జంట సైకిలు తెచ్చాడు. ముందు కూర్చుని నాకు కనబడనివి చెబుతుంటాడు. “ఎడమ చెరువు, సుమారు పదెకరాలు” అంటాడు. రంగు చెప్పవయ్యా అంటే “నీళ్ళ రంగే” అంటాడు. పక్షులున్నాయా అంటే “పదిహేడు.” ఇలాంటి వర్ణన విని ఏ కవీ బతకలేడు, కానీ నేను బతుకుతున్నాను. రెండు వారాలుగా ఇంత హాయిగా ఉండి కూడా, నీకు ఫొటో పంపి కారణం రాయలేదు. దాన్ని ఎలా క్షమిస్తావో నాకు తెలియదు.

నీ బస్సు తలుపు వైపు ఎంతమంది పరుగెత్తుకొస్తారో ఆలోచించు. నాకు పక్కన సొంత మొగుడు కనబడలేదు. నీకూ నాలాగే ఉందో లేదో తెలియదు, లేకపోతే అంతకన్నా సంతోషం లేదు. ఉందని తేలి నిన్ను స్టీరింగు నుంచి దింపితే, అదే డిపోలో వేరే పని అడగడం నీ హక్కు. ఆ పోట్లాటకి నేనొస్తాను, మీ మేనేజరు తలుపు ముందు కూర్చుంటాను. కానీ కళ్ళు చూపించుకోని డ్రైవరు తరఫున ఒక్క అక్షరం రాయలేను.

ఈ కవర్లో ఇంకో కాగితం ఉంది. ఇప్పుడు నీకు చెప్పినదంతా అందులో నా సంతకంతో రాశాను. పత్రికకీ పంపాను. వాళ్ళు వేసేదాకా ఆగకుండా పాత వ్యాసం పీకేసి దీన్ని అంటించు. మిగతా పదిమందికీ చదివి వినిపించు. నన్ను తిట్టేవాళ్ళుంటే తిట్టనీ, ఆపకు.

కానీ ముందు నువ్వు వెళ్ళు. శిబిరం అయిపోయిందని ఊరుకోకు, ఆసుపత్రికి వెళ్ళు. కంట్లో మందు వేశాక కాసేపు అంతా మసకగా ఉంటుంది, కంగారు పడకు. ఆ రోజు సెలవు పెట్టి మరదల్ని తోడు తీసుకెళ్ళు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆమె పక్కన కూర్చో. నడిపేది ఎవరైనా సరే, బ్రేకు వేసినప్పుడల్లా వంకలు పెట్టకు. డాక్టరు ఏం చెప్పిందో ఒక్క ముక్క దాచకుండా రాయి. ఈసారి నేను వాదించను.

ఇట్లు,
నిన్ను భయపెట్టక తప్పని
మీ అక్క