నీళ్ల మీద గెట్టు

మంగళవారం

భారత్, శ్రీలంకల సముద్ర సరిహద్దు ఒప్పందం ఈ రోజు చదివాను. అక్షాంశాలు, రేఖాంశాలు లెక్కగట్టి నీళ్ల మీదే గీత గీశారట! అన్నం తింటూ బాపుకు చెప్పాను.

"నీళ్ల మీద గెట్టా? రాయి లేకుంటె ఎవడు ఆగుతడు బిడ్డా!" అని నవ్వాడు.

రాయి అనగానే పొద్దున చూసింది గుర్తొచ్చింది. పెదబాపుతో పొలం గెట్టు తగాదా తెగిన రోజు పాతిన రాయి, మూడడుగులు ఆయన చెల్క చేనులోకి జరిగి ఉంది.

"రాయి నువ్వే జరిపినవా బాపూ?"

"రాయే హద్దని నువ్వే రాస్తివి గద. నోర్మూస్కొని తిను."

ఛీ! ఆ ఒడంబడిక కాగితం రాసింది నేనే. 'పాతిన రాయే హద్దు' అన్న వాక్యం అందంగా కుదిరిందని మురిసిపోయి కొలతలు వదిలేశాను. పెదబాపుకు చదువు రాదు. రేపు ఆ కాగితం తెచ్చి నన్నే చదవమంటాడు...