మేకుకు తగిలించిన తెల్లకోటు

ఔషధ తనిఖీ అధికారి గారి సముఖమునకు,
పుంగనూరు నివాసి, బి.ఫార్మసీ పట్టభద్రురాలు అశ్విని వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: కుప్పంలోని ఒక మందుల షాపులో రెండేళ్లుగా నేను హాజరైనట్లు ఉన్న సంతకాలను రద్దుపరచి, నన్ను గైర్హాజరుగా నమోదు చేయుట గురించి.

తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నేను మదనపల్లెలో నాలుగేళ్లు ఫార్మసీ చదివితిని. చివరి ఏడాది కాలేజీ వారు "ఫార్మసీ, క్లినికల్ రీసెర్చ్ రంగాల్లో అవకాశాలు" అని సభ పెట్టారు. మందుల తయారీ, నాణ్యత పరీక్ష, కొత్త మందును మనుషులకిచ్చి చూసే ట్రయల్స్, మందు వల్ల హాని జరిగితే నమోదు చేసే పని, ఇలా పదకొండు దారులు తెర మీద చూపించారు. పన్నెండోది బయట టీకొట్టు దగ్గర సీనియర్లు చెప్పారు. సర్టిఫికెట్టు షాపులో ఉంటుంది, మనిషి ఇంట్లో ఉంటుంది. ఇది తమకు తెలియని సంగతి కాదని అనుకొనుచున్నాను.

2. నాకు ట్రయల్స్ పని మీద మనసు. ఆ ఉద్యోగానికి అనుభవం అడుగుతారు, అనుభవానికి ఉద్యోగం అడుగుతారు. అప్పుడు మా నాన్నకు తెలిసిన షాపు యజమాని గంగప్ప గారు ఒప్పందం చెప్పారు. నా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు ఆయన గోడకు తగిలించాలి. నెలనెలా కొంత ముడుతుంది. రెండేళ్ల తర్వాత, పనిచేసినట్లు అనుభవ పత్రం ఇస్తారు. "నువ్వు రోజూ యాల వచ్చేది మా? నీ కోటు ఈడ మేకుకు తగిలించుంటాది, సాలు" అన్నారు. కోటు నాదే. కాలేజీ ల్యాబులో వేసుకున్నది.

3. నెలాఖరులో పలమనేరులో బస్సు మారి కుప్పం పోయి, నెల మొత్తానికీ హాజరు సంతకాలు ఒకేసారి కూర్చుని పెట్టేదాన్ని. అనుమానం రాకుండా రెండు పెన్నులు మార్చి మార్చి వాడాను. షాపు మూసి ఉన్న ఆదివారాల్లోనూ సంతకం పెట్టానని తర్వాత చూసుకున్నాను. మిగతా రోజులు పుంగనూరులో ఇంట్లో కూర్చుని, మందుల వల్ల కలిగే హానిని ఎట్లా నమోదు చేయాలో ఆన్‌లైన్‌లో నేర్చుకుంటిని. మంచి మార్కులు వచ్చాయి.

4. షాపులో మందులిచ్చేది మునికృష్ణ గారు. యాభై దాటిన మనిషి. మందు పేరు చదవరు, డబ్బా ఎక్కడుందో చూస్తారు. మా వైపు జనం అట్ట మొత్తం కొనరు, నాలుగైదు మాత్రలు కత్తెరతో కత్తిరించి ఇమ్మంటారు. పేరున్న ముక్క అంగట్లో మిగిలిపోతుంది. వాడనివి వాపసు తెస్తే, ఏదో ఒక డబ్బాలో వేస్తారు. అట్లా షుగరు మాత్రల ముక్క ఒకటి బీపీ మాత్రల డబ్బాలోకి చేరింది.

5. జూలై పద్నాలుగున కుప్పం పక్క పల్లె నుంచి తులసమ్మ అనే ఆమె బీపీ మాత్రలు కొనుక్కుపోయింది. ఆమెకు షుగరు జబ్బు లేదు. మరుసటి పొద్దున పరగడుపున మాత్ర వేసుకుని, ఆవుకు గడ్డి కోస్తూ పడిపోయింది. మధ్యాహ్నం దాకా ఎవరూ చూడలేదు. ఇప్పుడు కళ్లు తెరిచే ఉంది, కన్నకూతురిని గుర్తుపట్టదు. ఆ నెలాఖరున నేను ఏమీ తెలియక, పద్నాలుగో తేదీకి కూడా ఉదయం నుంచి రాత్రి దాకా హాజరని సంతకం పెట్టాను. ఆ రోజుకు నీలం పెన్ను.

6. పోయిన వారం ఆ కూతురు ఈశ్వరమ్మ మా ఇంటికి వచ్చింది. బిల్లు మీద ఫార్మసిస్టు అని నా పేరు, గోడ మీది సర్టిఫికెట్టులో నా ఊరు ఉంటాయి గదా. తిడుతుందని తలుపు దగ్గరే నిలబడ్డాను. "అశ్వినమ్మంటే నువ్వేనా? కొట్లాడేదానికి రాలేదు మా. ఇంట్లో మాత్రల ముక్కలన్నీ తెస్తిని. ఏవి ఇయ్యాల, ఏవి ఇయ్యగూడదో సూసి చెప్పు. సదువుకున్న దానివి, నీ పేరుండాది" అని సంచి అరుగు మీద బోర్లించింది. నాకు ఏడుపు రాలేదు. రావాలని అనుకున్నాను గాని రాలేదు.

7. గంగప్ప గారికి ఫోన్ చేస్తే, మునికృష్ణను పనిలోంచి తీసేశానన్నారు. "తప్పు ఆయప్పది. నువ్వు పలకొద్దు. సోమవారం బెంగళూరుకు పో, నీ బతుకు బాగుంటాది." నిజమే, బెంగళూరులో ట్రయల్స్ ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరవలెను. అందుకు చూపించవలసింది గంగప్ప గారిచ్చిన అనుభవ పత్రం. అందులో నేను "రోగులకు మందులు స్వయంగా పరిశీలించి ఇచ్చు"దానినని ఉంది. ఈ అర్జీ తమ చేతికి అందితే ఆ పత్రం చెల్లదు. తెలిసే రాస్తున్నాను.

8. నేను నేర్చుకున్న పనిలో ఒక నివేదిక చెల్లాలంటే నాలుగు ఉండాలి: హాని పొందిన మనిషి, మందు, జరిగిన హాని, చెప్పేవారు. నాలుగూ పైన రాసితిని. మందు ఎవరి పేరు మీద ఇచ్చారో రాసే గడి ఆ ఫారంలో లేదు. అందుకే అర్జీ రూపంలో రాయవలసి వచ్చింది.

కాబట్టి తమరు దయచేసి, రిజిస్టరులోని నా సంతకాలన్నిటినీ అబద్ధాలుగా గుర్తించి, నా పేరును ఆ గోడ మీది నుంచి తీయించి, తప్పు మునికృష్ణ గారి ఒక్కరి నెత్తినే వేయకుండా నా మీద కూడా తగిన చర్య తీసుకొనవలెను. కోటు కూడా తీయించవలెను. అది చూసి జనం లోపల ఎవరో ఉన్నారనుకుంటున్నారు. ఇది నా మొదటి నిజమైన సంతకమని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
అశ్విని
(రెండేళ్లుగా గైర్హాజరు)

తా.క.: ఆ రోజు అరుగు మీద కూర్చుని ఈశ్వరమ్మ తెచ్చిన ముక్కలు ఒక్కొక్కటే చూశాను. పేరు తెలిసినవి ఒక పక్క, తెలియనివి ఒక పక్క. తెలియనివి పారేయమని, తెలిసినవి కవర్లలో వేసి, పొద్దున, రాత్రి అని పైన రాసిచ్చి, ముందు ఆసుపత్రి డాక్టరుకు చూపించి గాని వాడొద్దన్నాను. అమ్మను లేపి కూర్చోబెట్టి గాని నోట్లో మాత్ర వేయవద్దని రెండుసార్లు చెప్పాను. ఆమె కూడా రెండుసార్లు తిరిగి అప్పజెప్పి, కవర్లు కొంగున కట్టుకుని బస్సుకు పోయింది. పైన అన్ని రోజులకూ గైర్హాజరు రాయమని వేడుకొంటిని. ఆ ఒక్క పూటకు మాత్రం, షాపులో కాకపోయినా, హాజరు వేసుకొనవలెను.