నలుపు తెలుపు శుభం

ఏలూరు,
ఆగస్టు 8, శనివారం.

బంగారు సాయీ,

తణుకులో నీ కొత్త ఉద్యోగం ఎలా ఉందో అడగకుండానే నా గోడు మొదలుపెడుతున్నాను, ఏమీ అనుకోకు. ఫోనులో అయితే "తర్వాత ఏమైంది, తర్వాత ఏమైంది" అని తొందరపెడతావు. కాగితానికి ఆ తొందర లేదు. పైగా ఇది నోటితో చెప్పగలిగిన సంగతి కాదు.

ఈమధ్య బాగా అలసిపోతున్నాను సాయీ. పొద్దున్నే ఏలూరులో ప్యాసింజరు ఎక్కడం, గూడెంలో దిగి షేర్ ఆటోలో కాలేజీకి వెళ్లడం, సాయంత్రం దాకా ల్యాబులో పిల్లల రికార్డులు సరిచూడడం, మళ్లీ రైలు. ఇంట్లో చెప్పుకుందామా అంటే, మా వంశంలో బడి మొహం చూసిన మొదటిదాన్ని నేనే. నాన్న ఈ వయసులో మోటారు వైండింగ్ షాపులో రాగి తీగ చుట్టి, వేళ్లు కోసుకుపోయి వస్తాడు. ఆయన ముందు కుర్చీలో కూర్చునే ఉద్యోగం గురించి ఏం చెప్పను?

రోజు మొత్తంలో నాకు ఊపిరాడేది పొద్దున్న రైల్లో ఆ గంటసేపే. సీజన్ టికెట్ల వాళ్లం నలుగురం ఒకే పెట్టెలో కూర్చుంటాం. జయకృష్ణ గారు రైసు మిల్లులో మేనేజరు. పుట్టింది గూడెం, కాపురం ఏలూరు. ఆనంద్ పాల్ గారు హెడ్ క్లర్కు, కృపావరం గారు నర్సు. వాళ్లిద్దరూ పుట్టి పెరిగిన భీమడోలులోనే ఎక్కుతారు. వాళ్లు ముగ్గురూ దేని గురించి మాట్లాడుకుంటారో తెలిస్తే నవ్వుతావు. పాత దయ్యాల సినిమాలు. ఉత్త దయ్యాలవి కాదు, నవ్వించే దయ్యాలవి. పది సినిమాల జాబితా ఒకటి ఉంది. దాన్ని నా నోటుపుస్తకంలో పెన్సిలుతో రాసే పని నాకప్పగించారు. రోజుకు ఒక సినిమా ఒక్క మెట్టు మాత్రమే ఎక్కాలి, లేదా దిగాలి. హాల్లో చూసినవాళ్లే దాని గురించి నోరు విప్పాలి, టీవీలో చూస్తే చెల్లదు. అందుకని నాకు రాయడమే తప్ప మాట్లాడే హక్కు లేదు.

మాటలు మాత్రం వినాలి నువ్వు. "బావిలో బామ్మ"ను పైకి ఎక్కించాలని జయకృష్ణ గారు వారం రోజులు పోరాడారు. కృపావరం గారు కుదరదన్నారు. "అరవడానికి నోరు తెరిస్తే అందులోంచి నవ్వు రావాలండీ. ముందు అరిచి, తర్వాత తీరిగ్గా నవ్వితే రెండు సినిమాలు కలిపి కుట్టినట్టే," అన్నారావిడ. నాకా మాట ఎంత నచ్చిందో.

మొదటి స్థానంలో మాత్రం ఏడాదిగా ఒకటే సినిమా, "మేడమీది మేనత్త". నలభై ఏళ్ల కిందటిది, ఆనంద్ పాల్ గారూ కృపావరం గారూ భీమడోలు హాల్లో చూసింది. చనిపోయిన మేనత్త మేడ మీదే ఉండిపోయి, అద్దెకు దిగినవాళ్లనల్లా హడలగొడుతుంది. ఆఖరికి నవ్వుకుంటూ మెట్లు దిగివస్తుంది, ఇంటిల్లిపాదీ వీధిలోకి పరుగు తీస్తారు, శుభం. ఆ శుభం అంటే ఆనంద్ పాల్ గారికి ప్రాణం. "రంగుల సినిమాకి నలుపు తెలుపులో శుభం వేశాడండి. అంటే ఏంటి? దయ్యం పోయాక ఆ ఇంట్లో రంగే పోయిందని. అంత ఆలోచన ఎవడు చేస్తాడండీ?" అని పదేపదే అనేవారు.

ఆ సినిమాను హాల్లో చూడని జయకృష్ణ గారికి మొన్న సోమవారం అది పూర్తిగా ఎక్కడో ఇంటర్నెట్‌లో దొరికింది. ఫోనులో చూపించారు. మేనత్త మెట్లు దిగివచ్చాక కథ అయిపోలేదు. ఇంకా పన్నెండు నిమిషాలుంది. అందరూ పారిపోతారు గానీ మేనల్లుడు ఒక్కడూ ఆగిపోతాడు. "అత్తా, నువ్వు అన్నం తిన్నావా?" అని అడుగుతాడు. అంతే, ఆ దయ్యం కూలబడి ఏడుస్తుంది. వాడు కలిపి పెడితే తిని వెళ్లిపోతుంది. శుభం ఎర్రటి అక్షరాల్లో ఉంది.

భీమడోలు వాళ్లిద్దరూ ఆ పన్నెండు నిమిషాలూ మళ్లీ పెట్టించుకుని చూశారు. జయకృష్ణ గారు ఊరుకోలేదు. "మీ ఊళ్లో సినిమా కూడా తూకం తగ్గించే అమ్మారన్నమాట," అన్నారు. కృపావరం గారు ఆలోచించి, ఆఖరాట వదిలాక ఏలూరు రైలు ఉండేదని, పక్క ఊళ్ల జనానికి అది అందాలని ఆపరేటరు చివరి రీలు ఎగ్గొట్టి ఉంటాడని తేల్చారు. ఆనంద్ పాల్ గారి మొహం చూడలేకపోయాను.

"నలభై ఏళ్లు మురిసిపోయానండీ ఆ శుభం చూసి. ఎవడో ఆపరేటరు వేరే సినిమా ముక్క తెచ్చి అతికించాడా? వాడు కనబడితే చొక్కా పట్టుకుంటాను," అన్నారు.

సాయీ, ఆ ఆపరేటరు మా నాన్న.

నాకు అప్పటికప్పుడే అర్థమైంది. చిన్నప్పుడు నాన్న రేకు డబ్బాలోని ఫిల్ము ముక్కలు కిటికీ వెలుగుకు పెట్టి చూసుకునేదాన్ని. అందులో నాలుగైదు శుభాలు ఉండేవి, అన్నీ నలుపు తెలుపువే. ఆ హాలు మూసేసి గోడౌను చేసేదాకా ఇరవై తొమ్మిదేళ్లు నాన్న అక్కడే పనిచేశాడు.

చెప్పలేదు. అది ఒక తప్పు. గురువారం ఆనంద్ పాల్ గారు ఏదో మాటల్లో "మీ నాన్నగారు ఏం చేసేవారమ్మా?" అని మామూలుగా అడిగారు. "వ్యాపారమండీ," అన్నాను. అది రెండోది. కాలేజీలో కూడా అదే చెప్పానని, అలవాటైన అబద్ధం కాబట్టే అంత నున్నగా వచ్చిందని నాకు రైలు దిగాక తట్టింది.

ఇప్పుడు వాళ్లు ఆ సినిమాను రోజుకో మెట్టు దించుతున్నారు. సోమవారం రెండు, మంగళవారం మూడు, నిన్నటికి ఆరు. ప్రతిసారీ రబ్బరుతో తుడిచి కింద రాసేది నేనే. నాన్న పేరు తుడుస్తున్నట్టే ఉంది. ఇక నావల్ల కాదు. సోమవారం నుంచి బస్సులో వెళ్తాను.

నీ
హుమా.

ఏలూరు,
ఆగస్టు 15, శనివారం.

సాయీ,

నీ జవాబు అందింది. "బస్సెక్కితే నాన్న మారిపోతాడా?" అని ఒక్క వాక్యం రాసి ఊరుకున్నావు. కోపం వచ్చింది. రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను.

బస్సు మహా కష్టంగా ఉంది. నిలబడే వెళ్తున్నాను. కృపావరం గారు రెండుసార్లు ఫోను చేశారు, ఎత్తలేదు. నిన్న మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు నాన్నే కదిపాడు. "రైలు మానేశావేంటమ్మా? ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అన్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. ఇక దాచలేక అంతా చెప్పేశాను, వ్యాపారం అన్న మాటతో సహా. ఆ ఒక్క మాట చెప్పేటప్పుడు కంచంలోకి చూస్తూ చెప్పాను.

నాన్నకు కోపం రాలేదు. ఆ సినిమా పేరు విని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"రైలు కోసం కాదమ్మా. రైలు కోసమని నేనే అందరికీ చెప్పాను," అన్నాడు.

నాన్నకు ఖాతూన్ అనే అక్క ఉండేదని తెలుసు గానీ, ఆవిడ గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు. వాళ్లమ్మ పోయాక నాన్నను పెంచింది ఆవిడేనట. అప్పట్లో వాళ్ల కాపురం భీమడోలులోనే. హాల్లో సినిమా ఆడించే మిషన్ గదిలో చేరినప్పుడు నాన్నకు ఇరవై రెండేళ్లు. మొదటాటకూ ఆఖరాటకూ మధ్య ఆవిడ గిన్నెలో అన్నం తెచ్చి, మెట్ల మీద కూర్చుని, తిన్నదాకా ఉండి గిన్నె తీసుకెళ్లేది. నువ్వు తిన్నావా అని నాన్న ఎప్పుడూ అడగలేదు. ఎప్పుడన్నా ఇంకొంచెం ఉందా అని మాత్రం అడిగేవాడట. ఆ ఏడు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. ఒంట్లో రక్తమే లేదని, చాలా రోజులుగా సరిగ్గా తిండి లేదని డాక్టరు చెప్పాడు. ఆవిడ పోయిన నెలకు ఈ సినిమా వచ్చింది.

"మొదటిరోజు పెట్టె రాత్రికి గానీ రాలేదు, ఒక్క ఆఖరాటే ఆడించాను. ఆపరేటరు తెర మీంచి చూపు తిప్పకూడదమ్మా. బొమ్మకి వెలుగిచ్చే కార్బన్ కడ్డీలు కాలిపోతూ ఉంటాయి, చూసుకుంటూ దగ్గరకి జరపకపోతే బొమ్మ నల్లబడిపోద్ది. ఆ పిల్లోడు అత్తని తిన్నావా అని అడిగాడు. నేను మిషన్ వదిలేసి మెట్ల మీదకొచ్చి కూర్చున్నాను. లోపల బొమ్మ పోయింది, జనం ఒకటే ఈలలు. ఓనరు వెంకట్రాజు గారు పైకొచ్చి తిట్టాడు."

మర్నాడు నాన్న పదమూడో రీలు చివర తన డబ్బాలోంచి ఒక శుభం ముక్క అతికించాడు. పద్నాలుగో రీలు పెట్టెలోంచి బయటికి తీయలేదు. ఆట త్వరగా వదులుతోంది, పక్క ఊళ్ల వాళ్లకు రైలు అందుతోంది అని ఓనరుకు చెప్పాడు. జనం నవ్వుకుంటూ వెళ్తున్నారు కదా అని ఆయనా ఏమీ అనలేదు. సినిమా ఎత్తేసిన రోజు ఆ ముక్క ఊడదీసి పెట్టె తిరిగి పంపించేశాడు. ఇన్నేళ్లూ జనాన్ని మోసం చేశాననే బాధ ఉందట. ఎవరికీ చెప్పుకోలేదు. అమ్మకు కూడా తెలియదు. వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ కూడా అప్పుడే విన్నది.

"ఆయన చొక్కా పట్టుకుంటానన్నాడా?" అని అడిగాడు నాన్న. అవునన్నాను. "పట్టుకోమను. పాపం, పిల్లప్పుడు చూసుంటాడు," అన్నాడు.

తర్వాత కంచంలో అన్నం పూర్తిగా తిన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చి, ఆ చివరి ముక్క ఎవరి దగ్గరన్నా ఉందా అని అడిగాడు. జవాబు జయకృష్ణ గారి ఫోనులో ఉంది. నేను ఆ రైలు మానేశాను.

నువ్వడిగిన దానికి జవాబు ఇది. నాన్న మారడు. ఆ అవసరమూ లేదు.

నీ
హుమా.

ఏలూరు,
ఆగస్టు 16, ఆదివారం.

ఆనంద్ పాల్ గారికి, కృపావరం గారికి, జయకృష్ణ గారికి నమస్కారాలు.

వారం రోజులు కనబడనందుకు క్షమించండి. ఒంట్లో బాగానే ఉంది. ఈ కాగితం రేపు భీమడోలు దాటాక మీ చేతికిస్తాను. నోటితో చెప్పబోతే మధ్యలో ఆగిపోతానని భయం. మీరు చదువుతున్నంతసేపూ నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటాను, ఏమీ అనుకోకండి.

ఆనంద్ పాల్ గారూ, మా నాన్న ఏం చేసేవారని మీరడిగితే వ్యాపారమని చెప్పాను. అది అబద్ధం. మీరు చిన్నప్పుడు సినిమాలు చూసిన హాల్లో ఇరవై తొమ్మిదేళ్లు ఆపరేటరుగా పనిచేసింది ఆయనే. మీకిష్టమైన ఆ శుభం అతికించిందీ ఆయనే. అది రైలు కోసం చేసిన పని కాదు. ఎందుకు చేశారో నాకు మొన్ననే తెలిసింది. కానీ అది ఆయన నోటితో చెప్పాల్సిన మాట, నేను చెప్పను.

జాబితాలో ఆ సినిమా ఎక్కడుండాలో నేను అనను. నన్ను తుడవమని మాత్రం అడగకండి. నోటుపుస్తకం తెచ్చాను, మీలో ఎవరన్నా రాయండి. మన నియమం ప్రకారం హాల్లో చూసినవాళ్లే మాట్లాడాలి. అలాగైతే ఒక మనిషిని మీరు ఇంకా అడగలేదు. పదమూడు రీళ్లూ రోజుకు మూడాటల చొప్పున చూసినాయన మా ఇంట్లో ఉన్నారు. చివరి రీలు ఒక్కసారి, అదీ సగమే చూశారు.

జయకృష్ణ గారూ, ఆ మిగిలిన సగం చూడాలంటున్నారు. ఒక్కడినే చూడలేనన్నారు. బుధవారం షాపుకు సెలవు పెట్టి మన రైలెక్కుతారు. దయచేసి మీ ఫోను పూర్తిగా చార్జింగు పెట్టుకుని రండి. కిటికీ పక్క సీటు ఆయనకు వద్దట, ఎండ పడితే బొమ్మ కనబడదన్నారు. కృపావరం గారూ, మీరు ఆయన పక్కన కూర్చుంటే నాకు ధైర్యంగా ఉంటుంది. ఆనంద్ పాల్ గారూ, చొక్కా సంగతి ఆయనకు చెప్పాను. ఉతికిన చొక్కా వేసుకుని వస్తానన్నారు.

ఇట్లు,
ఆపరేటర్ షేక్ మొహిద్దీన్ గారి అమ్మాయి,
హుమా.