శ్రీకాకుళం ప్రొఫెషనల్

శ్రీకాకుళం,
12-10-1968

మహారాజశ్రీ విజయనగరం ఉత్తర సర్కారు టెన్నిస్ సంఘం కార్యదర్శి గారికి, ఇక్కడి ఆఫీసర్ల క్లబ్బు మార్కరు పొట్నూరు అసిరయ్య నమస్కరించి రాసుకొనునది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, వల కట్టే రెండు స్తంభాలూ. కొత్తగా వచ్చిన ఆఫీసర్లంతా పేకాట మనుషులు. నేను మాత్రం రోజూ పొద్దున్నే కోర్టు మీద రోలరు లాగి, సున్నం గీతలు వేసి, చీకటి పడేదాకా కూర్చుంటాను. ఎవరూ రారు.

మార్కరంటే తమకి తెలియనిది కాదు. జీతం పుచ్చుకుని ఆఫీసర్లకి ఆట నేర్పేవాడు, జోడీ లేనివాళ్ళతో ఆడేవాడు. ఇరవై రెండేళ్ళుగా అదే పని. ఆఫీసరు గెలవాలి కనక ఆఖరి బంతి ఎప్పుడూ నేనే వలకి కొట్టాను. 1948లో జిల్లా పోటీలకి పేరిస్తే, "నువ్వు జీతగాడివి, ప్రొఫెషనల్‌వి. ఇవి అమెచ్యూర్ల పోటీలు" అని కొట్టేశారు. ఈ ఏడాది నుంచి ఇంగ్లండులో ఇద్దరూ ఒకే పోటీలో ఆడొచ్చని మా వీధి డాక్టరు గారి పేపర్లో చూశాను. ఆ మాట శ్రీకాకుళానికి కూడా వర్తిస్తుందా? గెలవడానికని ఒక్క ఆట ఆడి చూడాలని ఉంది. మోకాలు ఇంకా నా మాట వింటోంది.

ఇట్లు తమ విధేయుడు,
అసిరయ్య

తా.క. అవతల ఎవరూ లేకపోయినా పాయింట్లు పైకే చెబుతుంటాను. నిన్న ఒక మేక నిలబడి రెండు గేములు విని వెళ్ళింది.


విజయనగరం,
21-10-1968

అసిరయ్య గారికి,

మీ ఉత్తరం చేరింది. కొత్త నిబంధనల ప్రకారం ఆటగాళ్ళు నాలుగు రకాలు. డబ్బు ముట్టని అమెచ్యూర్లు. తమ దేశపు సంఘం చెప్పుచేతల్లో ఉంటూనే బహుమతి సొమ్ము తీసుకునే రిజిస్టర్డు ఆటగాళ్ళు. మీలాగా నేర్పే ప్రొఫెషనల్స్. చివరగా కాంట్రాక్టు ప్రొఫెషనల్స్. వీళ్ళచేత ఒక కంపెనీ కాంట్రాక్టు రాయించుకుని ఊరూరా తిప్పుతుంది. గుడ్డ కోర్టును చాపలా చుట్టి తీసుకెళ్ళి, పరిచి, ఆడించి, మళ్ళీ చుట్టుకుని పక్క ఊరు పోతారు. దీన్నే టూరు అంటారు.

అందరూ కలిసి ఆడే పోటీలకి పైసంఘాల అనుమతి ఉండాలి. మనవైపు ఇంకా అనుమతి రాలేదు.

ఇట్లు,
జి. టి., కార్యదర్శి

తా.క. మేకను కోర్టులోకి రానివ్వకండి. వినడంతో ఆగదు.


శ్రీకాకుళం,
5-11-1968

మహారాజశ్రీ కార్యదర్శి గారికి అసిరయ్య నమస్కారాలు.

తమరు దారి చూపించారు. పోటీలకి అనుమతి కావాలన్నారు గానీ టూరుకి కావాలని రాయలేదు. అందుకని నేను కాంట్రాక్టులో చేరిపోయాను.

నరసన్నపేటలో నాటకాల కంపెనీ నడిపే జగన్నాధం గారికి తమ ఉత్తరం చదివి వినిపించాను. ఆయన తొడ చరిచి, "గుడ్డ సుట్టడం, పరవడం, ఊరూరా తిరగడం! ఇదంతా మా పనే గదరా అసిరీ! మా కాడే నేర్సుకున్నారు ఆ దొరలు" అన్నారు. తర్వాత, "మరి ఆటలో పద్యాలెన్నుంటాయి?" అని అడిగారు.

"పద్యాల్లేవు బాబూ, పాయింట్లుంటాయి."

"పోనీ, అయ్యే రాగంలో సెప్పు" అన్నారు.

పోస్టరొకటి ఇందులో పెట్టాను. డిసెంబరు ఎనిమిది, ఆదివారం. నరసన్నపేటలో మధ్యాహ్నం టెన్నిస్, సాయంత్రం నాటకం. నాకు ఎదురాడేవాడు మా క్లబ్బు వంటవాడు దాలయ్య. రోజూ సాయంత్రం నేర్పుతున్నాను. బంతిని దోసెలా తిరగేస్తున్నాడు.

ఇట్లు తమ కాంట్రాక్టు ప్రొఫెషనల్,
అసిరయ్య

తా.క. గుడ్డ కోర్టుకి బదులు నాటకం తెరే పరుస్తున్నాం. దాని మీద రాజదర్బారు బొమ్మ ఉంది. సింహాసనం దగ్గర రంగు దట్టంగా ఉండి బంతి లేవడం లేదు.


విజయనగరం,
13-11-1968

అసిరయ్య గారికి,

నేను ఏ దారీ చూపించలేదు! ఒక మార్కరూ, ఒక వంటవాడూ, ఒక సింహాసనం కలిస్తే టూరు కాదు. సంఘం పేరు పోస్టరు మీద వెయ్యకండి.

పైగా మీ పోస్టర్లో స్త్రీల ఆట ఊసే లేదు. ఎక్కడైనా ఇదే వరస. మగవాళ్ళకి రెండు కంపెనీలున్నాయి. ఒకటి ఎనిమిది మందిని, ఇంకొకటి ఆరుగురిని తీసుకుంది. ఆ రెండో కంపెనీయే ఆడవాళ్ళు నలుగురిని చేర్చుకుంది, ఆ నలుగురితో సరి. మిగిలినవాళ్ళకి టూరంటూ లేదు. ఎవరు పిలిస్తే ఆ పోటీకి వెళ్ళాలి, జనం ఇంకా రాని వేళ ఆడాలి. ఇంగ్లండులో ఈ ఏడు గెలిచినావిడకి గెలిచినాయన బహుమతిలో సగం కూడా ఇవ్వలేదు. ఆడవాళ్ళకి చేతులు లేవా? వాళ్ళ బంతులు వల దాటవా?

ఇట్లు,
జి. టి., కార్యదర్శి

తా.క. ఇది కార్యాలయపు ఉత్తరం. ఆఖరి రెండు వాక్యాలు కొట్టేసినట్టు భావించండి.


శ్రీకాకుళం,
24-11-1968

మహారాజశ్రీ కార్యదర్శి గారికి అసిరయ్య నమస్కారాలు.

తమ ఆజ్ఞ ప్రకారం పోస్టర్లు మళ్ళీ అచ్చు వేయించాం. మొదట స్త్రీల ఆట, తర్వాతే పురుషులది. తమరు కొట్టేయమన్న రెండు వాక్యాలు జగన్నాధం గారికి బాగా నచ్చి పోస్టరు కింద వేశారు. అయితే ఈ తాలూకాలో బ్యాటు పట్టిన ఆడమనిషి కనబడలేదు. సంఘం తరఫున ఒక లేడీ ప్లేయర్ని పంపించ ప్రార్థన. ఎదురు నేను గానీ దాలయ్య గానీ నిలబడతాం.

ఎవరూ రాకపోతే నాటకాల కంపెనీలో ఆడవేషాలు కట్టే నరసింగరావుకి చీర కట్టి దింపుతామంటున్నారు జగన్నాధం గారు.

ఇట్లు తమ విధేయుడు,
అసిరయ్య

తా.క. నరసింగరావు ఒప్పుకున్నాడు. ఓడిపోతే ఏడ్చే సీను ఉండాలంటున్నాడు.


విజయనగరం,
1-12-1968

అసిరయ్య గారికి,

నరసింగరావుకి చీర కట్టకండి. లేడీ ప్లేయరు వస్తుంది. ఆదివారం పదకొండింటి బస్సు.

జి. టి., కార్యదర్శి


విజయనగరం,
10-12-1968

అసిరయ్య గారికి తాయారు నమస్కారాలు.

మొన్న నేను బస్సు దిగగానే నా చేతిలో సంచి అందుకున్నారు. దారి పొడుగునా మా కార్యదర్శి గారి గురించే చెప్పారు. "శానా పెద్దమనిషమ్మా. నాలాంటోడికి పతీ ఉత్తరానికీ జవాబు రాస్తారు. మీసాలుంటాయేటమ్మా ఆయనకి?" అన్నారు. నేను దగ్గు వచ్చినట్టు నటించాను.

మీసాలు లేవండి. జి. టి. అంటే గుమ్మడి తాయారు. నేనే.

మా నాన్నగారు సంఘానికి కార్యదర్శి. ఆయన పోయి ఆరేళ్ళయింది. సభ్యుల్లో కొందరు బదిలీ అయ్యారు, కొందరు ఆయన దారే పట్టారు. కోర్టులో ఇప్పుడు ఎవరివో ఎరువుల బస్తాలున్నాయి. సంఘం మూసేశామని రాద్దామని కాగితం తీశాను. ఎవరికి రాయాలో తోచలేదు. మిల్లులో టైపు పని చూసుకుని ఇంటికొచ్చి, రబ్బరు స్టాంపు ఎండిపోకుండా వారానికోసారి తెల్లకాగితం మీద వేసేదాన్ని. ఈ ఆరేళ్ళలో సంఘానికి వచ్చిన మొదటి ఉత్తరం మీది. సంఘం లేదని రాస్తే మీరు మళ్ళీ రాయరేమోనని భయం వేసింది. అందుకని నిబంధనలు రాశాను.

ఆదివారం జరిగింది మీకు తెలిసిందే. కానీ ఇన్నాళ్ళకి చెప్పుకోవడానికి ఒక సంగతి దొరికింది, చెప్పనివ్వండి. జనాన్ని చూసి దాలయ్య, "పులుసు కలపమంటే కలుపుతాను గానీ ఇది నావల్ల కాదు" అని పొలాలకి అడ్డంపడి పారిపోయాడు. ఇక దర్బారు మీద మిగిలింది మీరూ, నేనూ. నేను బ్యాటు ఎత్తగానే, "ఒరే, నరసింగరావు ఈపాలి సీర బాగా కట్టేడ్రా!" అని ఈలలు. గురమ్మ అనే ముసలావిడ ఏకంగా లోపలికి వచ్చి నా బుగ్గ తడిమి, "ఓలమ్మా, ఇది నిజం ఆడదే!" అని కేకేసింది. జనంలో ఉన్న నరసింగరావు ముఖం చూడాల్సింది.

మొదటి నాలుగు బంతులూ తాంబూలం ఇచ్చినట్టు నా ముందు పెట్టారు. నాకు ఒళ్ళు మండింది. "ఏటండీ, ఆఫీసర్లకి ఇచ్చినట్టు ఇస్తన్నారు? ఆడండి!" అని అరిచాను. మీరు నావైపు చూసి, తలపాగా విప్పి పక్కన పెట్టారు. ఆ తర్వాతి బంతి నాకు కనబడలేదు.

ఆరు మూడు, ఆరు నాలుగు. మీరు గెలిచారు. గెలిచి, ఏం చెయ్యాలో తెలియక బంతులు ఏరడం మొదలుపెట్టారు.

నా సంగతి కూడా చెప్పాలి. నేను విజయనగరం స్త్రీల ఛాంపియన్ని. 1943, 44, 45. మూడేళ్ళూ పేరిచ్చింది నేనొక్కదాన్నే. ఎదురాడడానికి ఎవరూ రాలేదు కనక గెలిచినట్టే అన్నారు. ప్రతి ఏడూ తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళి, కాసేపు నిలబడి, కప్పు పట్టుకుని ఇంటికొచ్చాను. మూడు కప్పులున్నాయి. ఆట నాన్నగారు నేర్పారు గానీ, పోటీలో ఒక్క బంతి కొట్టలేదు.

మొన్న తిరుగు బస్సులో ఎచ్చెర్ల దాటేదాకా నాలో నేనే నవ్వుకుంటున్నాను. పక్కన చేపల బుట్టతో కూర్చున్నావిడ చూసి, "ఏటమ్మా, ఏటైనా గెల్సినావేటి?" అంది.

"లేదమ్మా, ఓడిపోయినాను" అన్నాను.

ఇట్లు,
తాయారు

తా.క. సంఘం కాగితాల్లో ఇదే ఆఖరిది. ఇకమీదట ఇంటి చిరునామాకే రాయండి, వెనకవైపు రాశాను. ఆట గురించే రాయాలని ఏమీ లేదు.